పసిపిల్లల కోపతాపాలు – 4వ పాఠం: ముందు ఒళ్లు, తర్వాత మాట

ఈసారి నిద్ర గురించి చెప్పుకోవాలి. అది వచ్చే పాఠానికి వాయిదా పడింది. "బిడ్డ కోపానికి పేరు పెట్టి చెప్పండి" అని పోయినసారి రాస్తే, చాలామంది గుంటడు నేలమీద పడి దొర్లుతుండగానే మొదలుపెట్టేశారు. విజయనగరం గంటస్తంభం దగ్గర బెలూన్ల బండి ముందు ఒక తల్లి "నీకు కోపమొచ్చింది కదా నాన్నా" అంటే వాడు ఇంకా గట్టిగా అరిచాడట. అరవడా మరి!

ఆవేశానికి పగ్గమేసే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్లు దాటాక గాని పూర్తిగా ఎదగదు. రెండేళ్లవాడికి ఆ పగ్గం మీరే. ముందు మీరు రెండు మూడుసార్లు ఊపిరి పొడుగ్గా వదలండి. వాడి కళ్ల ఎత్తుకి కూర్చోండి. ఎత్తుకోనిస్తే ఎత్తుకోండి, తోసేస్తే చేతికందే దూరంలో ఊరుకోండి, లేచి వెళ్లిపోవద్దు. కాసేపటికి అరుపు మామూలు ఏడుపులోకి దిగుతుంది, బిగిసిన కాళ్లూ చేతులూ వదులవుతాయి, మీకేసి జరుగుతాడు. పేరు పెట్టే వేళ అది: "బెలూన్ కొనలేదని కోపమొచ్చింది." అంతే. బెలూన్ మాత్రం కొనకండి.

ఆరు నెలల లోపు బిడ్డకైతే ఎత్తుకోవడం, మెల్లగా ఊపడం, జోలపాట చాలు. ఎంత విసుగొచ్చినా పట్టుకుని కుదపకూడదు. ఆడిస్తుంటే మొహం తిప్పేసుకుంటే అలక కాదు, ఇక చాలనడం. ఆ కాసేపూ వదిలెయ్యండి.

ఇక అసలు తంటా: "ఏటయిందిరా, ఎందుకేడుస్తున్నావ్?" దీనికి జవాబివ్వాలంటే జరిగింది గుర్తుతెచ్చుకోవాలి, కారణం వెతకాలి, మాటలు కూర్చాలి. రెండేళ్లకి వచ్చేవే రెండు మాటల వాక్యాలు, ఏడుపులో అవీ రావు. జవాబు రాలేదని తల్లి మళ్లీ అడుగుతుంది, ఈసారి గొంతు పెంచి. వంటింట్లోంచి మామ్మ వచ్చి అడుగుతుంది, గోడమీంచి పక్కింటి పిన్ని అడుగుతుంది. బిడ్డకి ప్రశ్న ఎక్కదు, మూడు పెద్ద గొంతులు మాత్రం వినిపిస్తాయి. తగ్గబోయిన ఏడుపు మళ్లీ మొదటికొస్తుంది. "చెప్పకపోతే ఎలా తెలుస్తాది?" అంటారు. చూసింది చెప్పండి: "గిన్నె పడిపోయింది." చూడకపోతే "ఏడుపొస్తోంది, నేనున్నాను." ఫోన్ చేతికిస్తే ఏడుపాగుతుంది, తమాయించుకోవడం మాత్రం అలవడదు.

అభ్యాసం: వారం రోజులు ఇంట్లో ఎవరూ "ఎందుకు" అనకూడదు, మామ్మతో సహా. ప్రతి ఏడుపూ కేలండర్ గడిలో రాయండి: ఎన్నింటికి, ఎంతసేపు, ఆఖరిసారి తిన్నదెప్పుడు, పడుకున్నదెప్పుడు. పదకొండు, పన్నెండు మధ్యే ఏడుపులు పోగైతే అన్నం అరగంట ముందుకి జరపండి. ఆ కాగితం దాచండి, నిద్ర పాఠానికి కావాలి.