షార్ట్ ఫిల్మ్‌లో ఆవు, కుక్క, కోడి ఉన్నాయా? షూటింగ్‌కి ముందు ఇవి చూసుకోండి

మన తిరుపతి, చంద్రగిరి, తలకోన వైపు షార్ట్ ఫిల్ములు, చిన్న సినిమాలు తీసే పిల్లోళ్ళు బాగా పెరిగినారు, చాలా సంతోషం. అయితే కథలో ఒక పుంగనూరు ఆవో, నాటుకోడో, కుక్కో వచ్చేసరికి ఊర్లో ఎవరో ఒకరు ఇస్తార్లే అని వదిలేస్తా ఉండారు. హీరోయిన్‌కి కాల్ షీట్ రాస్తారు, కెమెరా అద్దె గంటల లెక్కన రాస్తారు, ఆ నోరులేని జీవం ఎన్ని గంటలు నిలబడాల, ఎప్పుడు నీళ్ళు తాగాల, ఎక్కడ పడుకోవాల అనేది మాత్రం ఎవరూ రాయరు. దానికొచ్చే కష్టాలన్నీ ఇక్కణ్ణించే మొదలయ్యేది.

అందుకని ముందు స్క్రిప్ట్ ముందరేసుకుని జంతువు కనిపించే ప్రతి సీన్ కింద గీత గీయండి. ఆ సీన్ జంతువు లేకుండా నడుస్తుందా అని మిమ్మల్ని మీరే నిజాయితీగా అడగండి, కొట్టంలోంచి అంబా అనే సౌండ్ వినిపిస్తే సరిపోయే చోట ఆవుని తోలుకొచ్చే పని లేదు. పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతి, వీటితో ఆడించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కిందే నిషేధం, 2011లో ఎద్దుల్ని కూడా ఆ లిస్టులో చేర్చినారు. కాబట్టి కపిలతీర్థం దగ్గర కోతికి అరటిపండు చూపించి షాట్ లాగేద్దాం అనే ఆలోచన మానుకోండి. ఎద్దుతో సీన్ రాసుకుని ఉంటే భారత జంతు సంక్షేమ బోర్డుకి ముందే రాసి, జవాబు కాగితం మీద తెచ్చుకోండి, నోటిమాట నమ్ముకోవద్దు. రామచిలుక, నెమలి, నాగుపాము ఇవన్నీ 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి, పాములోళ్ళని పిలిపించి కోరలు పీకిన పాముతో సీన్ తీసేది ఘోరం, గ్రాఫిక్స్‌లో చేసుకోండి. తలకోనలో తీసేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, అది శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ అడవి, ఫారెస్టోళ్ళ పర్మిషన్ విడిగా తీసుకోవాల.

పర్మిషన్ల సంగతి. 2001లో వచ్చిన పెర్ఫార్మింగ్ యానిమల్స్ రూల్స్ (ఆటల్లో, సినిమాల్లో వాడే జంతువుల రూల్స్) ప్రకారం సినిమాకి జంతువుని అద్దెకిచ్చేవాళ్ళు భారత జంతు సంక్షేమ బోర్డుకి కనీసం 4 వారాల ముందు అర్జీ పెట్టాల. ఏ జంతువు, వయసెంత, ఏం చేయిస్తారు, ఎంతసేపు, ఎట్లా నేర్పించినారు, అసలు దాన్ని ఎందుకు వాడాల్సొచ్చింది, అన్నీ రాయాల, దాంతో పాటు పశువుల డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాల. ఈ బోర్డు ఒకప్పుడు మన పక్కనే చెన్నైలో ఉండేది, 2018లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌కి పోయింది, కాబట్టి ఆఖరి నిమిషంలో బస్సెక్కి పోయి తెచ్చుకునే కాగితం కాదిప్పుడు. థియేటర్ సినిమా అయితే సెన్సార్ దగ్గర ఈ జంతు సంక్షేమ బోర్డు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) అడుగుతారు. యూట్యూబ్‌కే కదన్నా అంటారు కొందరు, యూట్యూబ్ అయినా రీల్ అయినా 1960 చట్టం వర్తిస్తుంది, ఆవుకి నొప్పి కూడా ఒకటే.

ఇంక షూటింగ్ రోజు. మన ఎండలు తెలుసు కదా, ఏప్రిల్, మేలో 40 దాటేస్తాది, కాబట్టి జంతువు షాట్లు పొద్దున్నే పెట్టుకోండి, పాలిచ్చే ఆవైతే పాలు పితికి, దూడ తాగి, మేత తిన్నాక మొదలుపెట్టండి, సాయంత్రం పాలవేళకి కొట్టంలో ఉండేట్టు చూడండి. దూడని దూరంగా కట్టేసి తల్లి అరిస్తే ఆ ఏడుపు షాట్ తీసుకుందాం అనే డైరెక్టర్లు ఉండారు, అది ఎంతమాత్రం చేయొద్దు, దూడ తల్లికి కనపడేంత దగ్గర్లోనే ఉండాల. కుక్కని రోడ్డు మీద నడిపించే ముందు మీ చెయ్యి వెనకవైపు తారు మీద ఆనించి 5 సెకన్లు ఉంచండి, మీకు చుర్రుమంటే దాని పాదాలకీ అంతే. నీళ్ళ తొట్టి, నీడ కెమెరా పెట్టకముందే రెడీగా ఉండాల. బండిలో తెచ్చేటప్పుడు 8 గంటలకి మించి ఏకధాటిగా తిప్పకూడదని రూల్ ఉంది, మనకి అంత దూరం ఉండదు గానీ, టాటా ఏస్‌లో కింద గడ్డి పరవకుండా, కాళ్ళు జారేట్టు తేవడం కూడా తప్పే.

ఆవుని చూడ్డం నేర్చుకోండి. నింపాదిగా నెమరేస్తా, చెవులు అటూ ఇటూ తిప్పుకుంటా ఉంటే దానికి బాగానే ఉన్నట్టు. నెమరు ఆపేసి, కంట్లో తెల్లగుడ్డు కనిపించేట్టు చూస్తా, తల పైకెత్తి బిర్రుగా నిలబడి, మాటిమాటికీ పేడ పల్చగా వేస్తా ఉంటే అది భయపడిపోయింది, ఎండలో నోరు తెరిచి చొంగ కారుస్తా రొప్పుతుంటే ఇంకా ప్రమాదం. అప్పుడు ఇంకొక్క టేక్ అనకుండా నీడలోకి తోలాల. పలుపు పట్టుకునే మనిషి దాన్ని రోజూ మేపే మనిషే అయ్యుండాల, అసిస్టెంట్ డైరెక్టర్ చేతికి ముకుతాడు ఇచ్చి లాగించొద్దు.

లైట్ల గురించి చాలామందికి తెలీదు, కృత్రిమ వెలుతురు 500 లక్స్ (వెలుతురు కొలత) దాటకూడదని 2001 రూల్స్‌లో ఉంది, ఫోన్లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని జంతువు మొహం దగ్గర పెట్టి చూస్తే తెలిసిపోతాది. దగ్గర్లో టపాకాయలు, మంట, కావాలని పెద్ద శబ్దాలు కూడదు, జంతువుని పడేయడానికి తీగలు, గుంటలు కూడదు, కోడిపందెం సీన్ కూడదు, మత్తు సూది అసలే కూడదు, చూడిదైనా జబ్బుదైనా పనికి పెట్టకూడదు. డ్రోన్ కూడా తల మీద ఎగరేయొద్దు, ఆ గుయ్యిమనే సౌండుకే బెదిరి పలుపు తెంచుకుంటాయి. ఒళ్ళంతా రంగులు, జిగినా పూయొద్దు, నాకేస్తాయి. పసుపు కుంకుమ, పూలదండ చాలు.

అన్నిటికంటే ముఖ్యం, సెట్లో ఒక మనిషికి ఆపే అధికారం ఇవ్వండి. డాక్టరైతే మంచిది, తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీనే ఉంది, అడిగితే దారి చూపించే వాళ్ళు దొరుకుతారు. ఆ మనిషి చాలు అంటే డైరెక్టర్ కూడా కట్ చెప్పాల్సిందే, ఇది షూటింగ్‌కి ముందే యూనిట్ అందరి ముందర చెప్పేయండి, లేకపోతే మధ్యలో ఎవరూ వినరు.

ప్యాకప్ అయ్యాక థర్మాకోల్, ప్లాస్టిక్ కవర్లు, అన్నం పార్సిళ్ళు అక్కడే పారేసి పోతా ఉండారు, ఆవులు తింటాయి, కడుపులో ఉండలు కట్టి చచ్చిపోతాయి, మొత్తం ఏరి తీసుకుపోండి. షూటింగ్ కోసం కొన్న మేకపిల్ల, కోడిపిల్ల తర్వాత ఎవరింటికి పోతాదో కొనకముందే తేల్చుకోండి. అయిపోయాక కూడా డాక్టర్‌తో చూపించి ఒక కాగితం రాయించుకోండి. దెబ్బ తగిలితే 1962కి ఫోన్ చేయండి, పశువుల అంబులెన్స్ వస్తాది. వేరేవాళ్ళ సెట్లో హింస చూస్తే వీడియో తీసుకుని, టైము, చోటు రాసుకుని 112కి చెప్పండి. 1960 చట్టంలో మామూలు హింసకి మొదటిసారి జరిమానా 10 నించి 50 రూపాయలే, అది చూసి ఏమైతాదిలే అనుకోవద్దు, చంపినా అవిటి చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ళ దాకా జైలు ఉంది, కంప్లైంట్‌లో ఆ సెక్షన్ నంబర్ రాయించండి.