సర్టిఫికెట్లు విదేశాల్లో చెల్లాలంటే: విజయవాడ, గుంటూరు వాళ్లకు అటెస్టేషన్, అపోస్టిల్ దారి

దుబాయ్‌లో ఉద్యోగం ఖాయమైనా, కెనడాలో సీటొచ్చినా, పెళ్లయ్యాక భార్యను తీసుకెళ్లాలన్నా అవతలి నుంచి ఒక మాట వస్తుంది: సర్టిఫికెట్లు అటెస్ట్ చేయించి పంపండి. వెంటనే కాగితాలన్నీ కవర్లో పెట్టుకుని నోటరీ దగ్గరికి పోకండి. ఒట్టి నోటరీ ముద్రను విదేశాంగ శాఖ ఒప్పుకోదు. దాని మీద రాష్ట్ర ప్రభుత్వ సంతకం పడాల్సిందే.

అసలు జరిగేది ఇది. దుబాయ్‌లో కూర్చున్న అధికారికి నాగార్జున యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ సంతకం తెలియదు. ఆ సంతకం అసలుదేనని రాష్ట్ర ప్రభుత్వం చెబుతుంది. రాష్ట్ర అధికారి సంతకం అసలుదేనని ఢిల్లీలోని విదేశాంగ శాఖ చెబుతుంది. ప్రతి ఆఫీసూ తన ముందున్న సంతకానికే పూచీ పడుతుంది తప్ప, లోపల రాసింది నిజమా కాదా అన్నది చూడదు. అందుకే ఈ వరసలో ఒక మెట్టు దాటేస్తే పై మెట్టు వాళ్లు వెనక్కి పంపుతారు. సర్టిఫికెట్‌లో పేరు తప్పుంటే ఎన్ని ముద్రలు పడ్డా ఆ తప్పు అలాగే ఉంటుంది.

మొదట తేల్చుకోవాల్సింది దేశం. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశానికైతే అపోస్టిల్ (ఆ ఒప్పంద దేశాలన్నీ ఒప్పుకునేలా విదేశాంగ శాఖ కాగితానికి అంటించే ధ్రువీకరణ పట్టీ) చాలు, ఎంబసీకి వెళ్లక్కర్లేదు. మన దేశానికి ఈ ఒప్పందం 2005 జూలై 14 నుంచి వర్తిస్తోంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఒమన్, బహ్రెయిన్ ఇందులో ఉన్నాయి. సింగపూర్ 2021లో, సౌదీ 2022 డిసెంబరులో, చైనా 2023 నవంబరులో, కెనడా 2024 జనవరిలో చేరాయి. కాబట్టి 2018లో సౌదీ వెళ్లిన బాబాయి చెప్పిన పద్ధతి ఇవాళ మీకు పనికిరాదు.

యూఏఈ, కువైట్, ఖతర్‌లకు దారి వేరు. అపోస్టిల్ బదులు విదేశాంగ శాఖ మామూలు అటెస్టేషన్ చేయించాలి, ఆ తర్వాత ఆ దేశ ఎంబసీ లేదా కాన్సులేట్ ముద్ర, అక్కడ దిగాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర. జర్మనీది మరో కథ. ఒప్పందంలో ఉన్నా మన దేశం చేరికకు అభ్యంతరం చెప్పింది కాబట్టి మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. అక్కడి నర్సింగ్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఏ ధ్రువీకరణ కావాలో ఆ జర్మన్ ఆఫీసునే రాతపూర్వకంగా అడిగి, జవాబు చేతికొచ్చాకే ఖర్చు పెట్టండి.

రెండోది, కాగితం ఎక్కడ పుట్టింది? మీరు ఉండే ఊరితో సంబంధం లేదు, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ ఏ రాష్ట్రానిదైతే ఆ రాష్ట్రమే ధ్రువీకరించాలి. మన జిల్లాల్లో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కాకినాడ జేఎన్‌టీయూ విడిగా ఏర్పడింది 2008లో. అంతకుముందు విజయవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలో చదివినా, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మీద హైదరాబాద్ జేఎన్‌టీయూ పేరుంటే అది తెలంగాణ ప్రభుత్వం దగ్గరికి పోవాలి. నాగార్జున, కృష్ణా యూనివర్సిటీల డిగ్రీలకూ, మన మున్సిపాలిటీలు ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్లకూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ధ్రువీకరణ కావాలి, అంటే వెలగపూడి సచివాలయం వైపు దారి. ఒకే మనిషి ఇంటర్ మెమో ఒక రాష్ట్రానికి, డిగ్రీ ఇంకో రాష్ట్రానికి పోవడం మామూలే. బయల్దేరే ముందు కాగితాలను రెండు కుప్పలుగా వేరు చేసుకోండి.

ఇక పేర్ల సంగతి. మిగతా అన్నిటికంటే దీని మీదే ఎక్కువ సమయం పెట్టండి. ఎస్సెస్సీ మెమో, డిగ్రీ, బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు నాలుగూ బల్ల మీద పక్కపక్కన పరిచి అక్షరం అక్షరం చదవండి. మెమోలో ‘పి. లక్ష్మీ ప్రసన్న’ అని ఉంటుంది. డిగ్రీలో లక్ష్మీ, ప్రసన్న కలిసిపోయి ఒకే మాటవుతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి వేరే గడిలో పడుతుంది. పెళ్లయిన ఆడపిల్లకైతే మ్యారేజ్ సర్టిఫికెట్‌లో భర్త ఇంటిపేరు కూడా వచ్చి చేరుతుంది. మన కళ్లకు నాలుగూ ఒకరివే. తెలుగు ఇంటిపేరు అంటే ఏమిటో తెలియని గుమాస్తాకు మాత్రం నలుగురు మనుషులు. దిద్దించడం మొదలుపెడితే ఎస్సెస్సీతోనే మొదలుపెట్టండి, యూనివర్సిటీలు పేరు విషయంలో దాన్నే ఆధారంగా తీసుకుంటాయి. బర్త్ సర్టిఫికెట్‌లో తప్పును నమోదు చేసిన రిజిస్ట్రారే సరిచేస్తారు, 1969 జనన మరణాల చట్టంలోని 15వ సెక్షన్ అందుకే ఉంది. తేడా ఇనీషియల్ వరకే అయితే, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ ముందు అఫిడవిట్ రాయించుకుని దాన్నీ ఇదే వరసలో అటెస్ట్ చేయించవచ్చు. అయితే అవతలి వాళ్లు అఫిడవిట్ ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి.

డిగ్రీకి పీసీ కాకుండా ఓడీ తీసుకోండి. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌ను చాలా దేశాల యజమానులు తోసిపుచ్చుతారు. ఓడీని లామినేషన్ చేయించవద్దు. ముద్రలూ స్టిక్కరూ పడేది దాని వెనక వైపే, ప్లాస్టిక్ మీద అవి నిలవవు. ఇప్పటికే చేయించి ఉంటే వేడి పెట్టి పీకకండి, సిరా ఊడి వచ్చేస్తుంది. యూనివర్సిటీలో డూప్లికేట్‌కు దరఖాస్తు పెట్టుకోవడమే మేలు. డిగ్రీ అసలుదేనని యూనివర్సిటీ వెరిఫికేషన్ కావాల్సిన చోట సమయమంతా అక్కడే పోతుంది, ప్రయాణం తేదీని దాన్ని బట్టే లెక్క వేసుకోండి.

బర్త్ సర్టిఫికెట్ పుట్టిన చోటిదే ఉంటుంది. మంగళగిరి వాళ్ల బిడ్డ గుంటూరు జీజీహెచ్‌లో పుడితే నమోదు గుంటూరు కార్పొరేషన్‌లో ఉంటుంది, మంగళగిరిలో వెతికితే దొరకదు. చేత్తో రాసిన పాత తెలుగు ప్రతి ఉంటే దాని మీద ముద్రలు వేయించకుండా, ఇంగ్లిష్ కూడా ఉన్న కొత్త కంప్యూటర్ ప్రతి తీసుకోండి. బిడ్డ పేరు గడి ఖాళీగా ఉందేమో చూడండి, ఉంటే ముందు పేరు చేర్పించండి. పుట్టుకే నమోదు కాక ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. మ్యారేజ్ సర్టిఫికెట్ అంటే సబ్ రిజిస్ట్రార్ ఇచ్చినదే. గుడి రసీదు, మండపం రసీదు రిజిస్ట్రేషన్‌కు ఆధారాలు మాత్రమే.

విదేశాంగ శాఖ మెట్టుకు ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. 2019 నుంచి హైదరాబాద్‌లోని బ్రాంచ్ సెక్రటేరియట్ ఈ పని చేస్తోంది. కాగితాలను జనం దగ్గర నేరుగా తీసుకోరు, శాఖ నియమించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి, వాటి పేర్లు శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఒరిజినల్‌తో పాటు పాస్‌పోర్టు జిరాక్సు పెట్టండి. ప్రభుత్వ రుసుము అపోస్టిల్‌కు కాగితానికి 50 రూపాయలు, మామూలు అటెస్టేషన్‌కు ఏమీ లేదు. ఏజెన్సీ సర్వీసు చార్జీ, పేజీకి స్కానింగ్ చార్జీ అదనం. బెంజి సర్కిల్‌లోనో బ్రాడీపేటలోనో కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే వేల రూపాయల్లో అసలు రుసుము ఎంతో దీన్ని బట్టి తెలుస్తుంది. తిరగలేని వాళ్లు ఆ సేవకు డబ్బివ్వడంలో తప్పు లేదు, కానీ ఏ మెట్టుకు ఎంతో విడివిడిగా రాయించుకోండి.

ఏజెంట్‌ను తప్పనిసరిగా అడగాల్సింది ఒకటుంది: రాష్ట్ర ముద్ర వేయిస్తారా, ఢిల్లీ ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) ముద్ర వేయిస్తారా? ఎస్‌డీఎం దారి త్వరగా అవుతుంది, దాని మీద విదేశాంగ శాఖ ముద్ర కూడా పడుతుంది. కానీ డిగ్రీల విషయంలో కొన్ని గల్ఫ్ ఎంబసీలు రాష్ట్ర ధ్రువీకరణే కావాలంటాయి. అప్పుడు మళ్లీ మొదటికొస్తుంది.

అపోస్టిల్ చేతికొచ్చాక ఒక్క నిమిషం దాన్ని చూడండి. చతురస్రపు పట్టీ, పైన ఫ్రెంచిలో శీర్షిక, కింద 1 నుంచి 10 దాకా అంకెలు. రెండో వరసలో ఎవరి సంతకానికి పూచీ పడ్డారో ఉంటుంది, మీ కాగితం మీద సంతకం చేసిన అధికారి పేరుతో సరిపోవాలి. ఎనిమిదో వరసలో నంబరు ఉంటుంది, దాన్ని శాఖ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. పట్టీని పీకడం, దాని మీద ఇంకేదైనా అంటించడం చేయకండి. ఇచ్చే ముందు ఒకసారి, ప్రతి ముద్ర పడ్డాక ఒకసారి రెండు వైపులా కలర్ స్కాన్ తీసి పెట్టుకోండి.

అరబిక్, స్పానిష్ లాంటి భాషల్లోకి అనువాదం అడిగితే ముద్రలన్నీ పడ్డాక, ఆ దేశం గుర్తించిన అనువాదకుడితోనే చేయించండి. ముందే చేయిస్తే ముద్రల మీది మాటలు అనువాదంలోకి రావు. గల్ఫ్‌లో డాక్టర్లు, నర్సులకు అడిగే డేటాఫ్లో (చదువు, అనుభవం పత్రాలు అసలువేనా అని చేసే పరిశీలన), కెనడాకు అడిగే వెస్ (మన డిగ్రీ అక్కడి ఏ చదువుకు సమానమో తేల్చే మదింపు) వేరే పనులు. అటెస్టేషన్ అయింది కదా అని అవి తప్పవు, వాటిని సమాంతరంగా నడిపించుకోవాలి. మిర్చి ఎగుమతిదారుల ఇన్‌వాయిస్‌లు, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ లాంటి వ్యాపార పత్రాలకు సచివాలయం పని లేదు, చాంబర్ ఆఫ్ కామర్స్ ముద్ర మీద విదేశాంగ శాఖ ముద్ర వేయించాలి.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ మాత్రం అన్నిటికంటే చివర పెట్టుకోండి. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కట్టి దరఖాస్తు చేస్తే పాస్‌పోర్టు ఆఫీసే ఇస్తుంది, దానికి రాష్ట్ర ధ్రువీకరణ అక్కర్లేదు. ఏ దేశానికో దాని మీదే రాసి ఉంటుంది కాబట్టి దరఖాస్తులో దేశం పేరు సరిగ్గా ఎంచుకోండి. ఆరు నెలలు దాటిన పీసీసీని చాలా చోట్ల తీసుకోరు, అందుకే డిగ్రీ యూనివర్సిటీ నుంచి తిరిగొచ్చేదాకా దాని జోలికి పోకండి.