అమెరికా బీరు హోల్‌సేలర్ల సంఘంలో నాయకుడిగా ఎదగడం, చట్టసభలో మన మాట చెల్లేలా చేసుకోవడం ఎలా?

అమెరికాలో బీరు తయారుచేసే పెద్ద కంపెనీలు నేరుగా దుకాణాలకు సరుకు వేయడం చాలా రాష్ట్రాల్లో కుదరదు. మధ్యలో హోల్‌సేలర్ ఉండాలి. 1933 డిసెంబరు 5న 21వ రాజ్యాంగ సవరణతో మద్యనిషేధం పోయాక, మద్యం మీద పెత్తనం చాలావరకు రాష్ట్రాల చేతికి వచ్చింది. నిషేధానికి ముందు బ్రూవరీలే బార్లను గుప్పిట్లో పెట్టుకుని తాగుడు పెంచాయన్న చేదు అనుభవం అప్పటికింకా అందరికీ గుర్తుంది. అందుకే తయారీ, హోల్‌సేల్, రిటైల్ అని మూడంచెలుగా విడదీసి చట్టాలు రాసుకున్నారు. ఈ మధ్య అంచె బతుకంతా చట్టం మీదే ఆధారపడి ఉంది కాబట్టి, వీళ్లకు సంఘం కూడా వ్యాపారంలో భాగమే. జాతీయ స్థాయిలో 1938లో మొదలైన నేషనల్ బీర్ హోల్‌సేలర్స్ అసోసియేషన్ ఉంది, రాష్ట్రాల్లో విడిగా సంఘాలున్నాయి.

మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ మధ్య అంచె ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్లదే. 2025 జనవరిలో ధరలు, బకాయిల గొడవతో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు కింగ్‌ఫిషర్ సరఫరా ఆపినప్పుడు, బేరమంతా కంపెనీకీ సర్కారుకీ మధ్యే నడిచింది. అమెరికాలో ఆ స్థానంలో తరచూ రెండు మూడు తరాలుగా నడుస్తున్న కుటుంబ వ్యాపారం ఉంటుంది. ఆ వ్యాపారంలోకి కొత్తగా వచ్చినవాళ్లకూ, మేనేజర్లకూ కింద చెప్పే పద్ధతి పనికొస్తుంది. అక్కడ లిక్కర్ స్టోర్లు, గ్యాస్ స్టేషన్లు నడిపే తెలుగువాళ్లు తమ రిటైల్ సంఘాల్లోనూ ఇందులో చాలా భాగాన్ని వాడుకోవచ్చు.

1. ముందు ట్రక్కు ఎక్కండి

ఆఫీసులో కూర్చుని నేర్చుకున్న వ్యాపారం చట్టసభ సభ్యుడి ముందు రెండు ప్రశ్నలకే తేలిపోతుంది. కొన్నాళ్లు డెలివరీ రూట్లలో తిరగండి. తేదీ దాటిన స్టాకు ఎవరు వెనక్కి తీసుకుంటారు, కూలర్‌లో ఏ బ్రాండుకు ఎంత చోటు, ఊరి చివరి చిన్న దుకాణానికి బండి పంపితే గిట్టుబాటవుతుందా అన్నవి కళ్లారా చూడండి. మీ రాష్ట్ర చట్టాన్ని కూడా అప్పుడే చదవండి. టెక్సాస్‌లో బీరు తీసుకునే దుకాణదారు హోల్‌సేలర్‌కు అరువు పెట్టకూడదు, సరుకు దిగేలోపే డబ్బు కట్టాలి. ఆ నియమం డ్రైవర్ రోజును ఎలా నడిపిస్తుందో బండిలో కూర్చుంటేనే అర్థమవుతుంది.

2. పదవి కాదు, పని అడగండి

రాష్ట్ర సంఘంలో ఏదో ఒక కమిటీలో చేరండి. సభ్యత్వాలు, సదస్సు ఏర్పాట్లు, శాసన వ్యవహారాలు, ఏదైనా పర్వాలేదు. నన్నడిగితే కోశాధికారి పని అన్నిటికన్నా మంచి శిక్షణ. డబ్బు ఎక్కడికి పోతోందో తెలిస్తే సంఘం అసలు దేనికి విలువిస్తోందో తెలిసిపోతుంది. ఇంకో మాట. అధ్యక్షులు మారుతూ ఉంటారు, జీతానికి పనిచేసే డైరెక్టరు, సంఘం తరఫున చట్టసభ సభ్యులతో మాట్లాడే లాబీయిస్టు ఏళ్ల తరబడి ఉంటారు. వాళ్లను పక్కనపెట్టి సొంతంగా చక్రం తిప్పాలని చూసే కొత్త నాయకుడు మొదటి ఏడాదే ఒంటరివాడవుతాడు.

3. ధరల మాట వస్తే లేచి బయటికి వెళ్లండి

సంఘం అంటే పోటీదారులు ఒకే గదిలో కూర్చోవడం. 1890 నాటి షెర్మన్ చట్టం ప్రకారం పోటీదారులు ధరలు కుదుర్చుకోవడం, ఏరియాలు పంచుకోవడం నేరం. దోషిగా తేలిన వ్యక్తికి 10 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. ‘వచ్చే నెల బీరు కేసు (పెట్టె) మీద ఎంత పెంచుతున్నారు?’ అని ఎవరైనా సరదాగా అన్నా సరే, ఆ మాట ఆపమని చెప్పండి. ఆపకపోతే లేచి వెళ్లండి, వెళ్లినట్టు మినిట్స్‌లో (మీటింగు నమోదులో) రాయించండి. మీటింగు తర్వాత జరిగే డిన్నర్‌కూ ఇదే వర్తిస్తుంది. నోరు ఎక్కువగా జారేది అక్కడే.

4. ఒక్క పేజీ తయారు చేసుకోండి

ప్రతినిధికి కావలసింది తన నియోజకవర్గం లెక్క. మీ గోడౌన్‌లో ఎంతమంది పనిచేస్తున్నారు, ఎన్ని బండ్లు తిరుగుతున్నాయి, ఎన్ని దుకాణాలకు సరుకు వెళుతోంది, ఈ బిల్లు పాసైతే వీటిలో ఏది మారుతుంది. అంతే. జాతీయ లెక్కలను సంఘం సిబ్బంది ఎలాగూ ఇస్తారు. ఎవరి మీద ఏ భారం పడుతుందో మాత్రం కలగాపులగం చేయకండి. ఫెడరల్ ఎక్సైజ్ పన్నునే తీసుకోండి. దాన్ని కట్టేది బ్రూవరీలు, దిగుమతిదారులు. 31 గ్యాలన్ల బ్యారెల్‌కు మామూలు రేటు 18 డాలర్లు. చిన్న బ్రూవరీలకు మొదటి 60,000 బ్యారెళ్ల మీద 3.50 డాలర్లే. 2018లో తాత్కాలికంగా వచ్చిన ఈ తగ్గింపును 2020 డిసెంబరులో శాశ్వతం చేశారు. ‘ఈ పన్ను మేమే కడుతున్నాం’ అని హోల్‌సేలర్ అంటే ఎదుటివాళ్లు అక్కడే పట్టేసుకుంటారు.

5. అవతలివాళ్ల వాదన మీరే ముందు చెప్పగలగాలి

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘మూడంచెల పద్ధతి రాజ్యాంగంలోనే ఉంది’ అని ఎప్పుడూ అనకండి. 21వ సవరణలో మూడంచెల ప్రస్తావనే లేదు, ఉన్నది రాష్ట్రాల అధికారం. ఆ అధికారానికీ హద్దులున్నాయి. సొంత రాష్ట్రపు వైనరీలకు (వైన్ తయారీదారులకు) నేరుగా అమ్ముకునే వీలిచ్చి, బయటి రాష్ట్రాల వాటికి అడ్డుకట్ట వేయకూడదని 2005లో గ్రాన్‌హోమ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

క్రాఫ్ట్ బ్రూవరీల (చిన్న ఎత్తున సొంత రకం బీరు చేసేవాటి) వాదనలోనూ న్యాయం ఉంది. కొత్తగా పెట్టిన చిన్న బ్రూవరీ సరుకును పెద్ద హోల్‌సేలర్ పట్టించుకోకపోతే అది ఎక్కడ అమ్ముకోవాలి? టెక్సాస్‌లో బ్రూపబ్‌లకు (బీరు చేసి అక్కడే అమ్మే పబ్‌లకు) ఉన్న వెసులుబాటు బ్రూవరీలకు లేక, చూడ్డానికి వచ్చిన కస్టమర్ అక్కడ తాగవచ్చు గానీ ఒక్క డబ్బా ఇంటికి తీసుకుపోకూడదన్న పరిస్థితి చాలాకాలం నడిచింది. చివరకు 2019లో క్రాఫ్ట్ బ్రూవర్ల గిల్డు (సంఘం), బీర్ అలయన్స్ ఆఫ్ టెక్సాస్ అనే హోల్‌సేలర్ల సంఘం కూర్చుని ఒప్పందానికి వచ్చాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి మనిషికి రోజుకు 288 ఔన్సుల దాకా, అంటే 12 ఔన్సుల సీసాలు 24, ఇంటికి తీసుకెళ్లే వీలు కలిగింది. పరిమితి ఉంది కాబట్టి హోల్‌సేల్ వ్యాపారం మునిగిపోలేదు, బ్రూవరీకి నాలుగు రాళ్లు మిగిలాయి. నాయకుడన్నవాడు దేన్ని వదులుకోవచ్చో సభ్యులతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. బేరం మధ్యలో సొంతవాళ్లను ఒప్పించడం ఎదుటివాళ్లను ఒప్పించడం కన్నా కష్టం.

6. కలవడానికి వెళ్లినప్పుడు

వాషింగ్టన్‌లో మీకు దొరికేది బహుశా పావుగంట. అదీ కాంగ్రెస్ (జాతీయ చట్టసభ) సభ్యుడితో కాకుండా పాతికేళ్ల సిబ్బందితో కావచ్చు. చిన్నబుచ్చుకోకండి, ఆ బిల్లు మీద నోట్ రాసేది ఆ అమ్మాయో అబ్బాయో. బిల్లు నంబరు చెప్పి, ఒకే ఒక్క కోరిక అడగండి. తెలియనిది అడిగితే ‘కనుక్కుని చెబుతాను’ అని, మర్నాటికల్లా పంపండి. ఆగస్టు విరామంలో సభ్యుణ్ని మీ గోడౌన్‌కు పిలవండి. ఫోర్క్‌లిఫ్టుల మధ్య గంటసేపు తిరిగినవాడికి మీ పేజీ మళ్లీ చదవాల్సిన పని ఉండదు.

టెక్సాస్ చట్టసభ మామూలు సమావేశాలు బేసి సంవత్సరాల్లోనే, 140 రోజులకు మించకుండా జరుగుతాయి. కాబట్టి పరిచయాలన్నీ సరి సంవత్సరంలోనే చేసుకోవాలి.

7. డబ్బు సంగతి

ఫెడరల్ అభ్యర్థులకు కార్పొరేషన్‌గా ఉన్న కంపెనీ ఖాతా నుంచి విరాళం ఇవ్వడం చట్టవిరుద్ధం. సంఘం పొలిటికల్ యాక్షన్ కమిటీకి (ఎన్నికల విరాళాలు సేకరించి అభ్యర్థులకు ఇచ్చే కమిటీకి) వ్యక్తులు సొంత డబ్బు ఏడాదికి 5,000 డాలర్ల వరకు ఇవ్వవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వవచ్చు, హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు. మన సంఘాల్లో ఈ తేడా తెలియక చెక్కు రాసే ప్రమాదం ఉంది. విరాళం, బిల్లు ఈ రెండింటినీ ఒకే సంభాషణలో ఎత్తకండి. ఇక సంఘానికి కట్టే వార్షిక రుసుములో లాబీయింగ్‌కు పోయే భాగాన్ని వ్యాపార ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోవడం కుదరదు. ఆ భాగం ఎంతో సంఘం ఇచ్చే నోటీసులో ఉంటుంది, దాన్ని మీ అకౌంటెంట్‌కు పంపండి.