టెగూ పెంపకం – 3వ పాఠం: వేడిని ఎక్కడ కొలవాలి?

పోయినసారి టెగూ (దక్షిణ అమెరికా పెద్ద బల్లి) కోసం 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తుతో పెట్టె కట్టి, అడుగు లోతు మట్టి నింపాం. ఈసారి దాంట్లో ఎండ పుట్టించాలి.

మొదట నా తప్పు చెబుతాను. డాలస్‌లో నలుపు-తెలుపు అర్జెంటీనా టెగూను తెచ్చుకున్న కొత్తలో, షాపువాళ్లు చెప్పారని ఒక ఎర్ర బల్బు, కరెంటుతో వేడెక్కే రాయి ఒకటి కొన్నాను. గోడకు అంటించిన థర్మామీటరు 35 డిగ్రీలు చూపిస్తుంటే అంతా బాగుందనుకున్నాను. టెగూ మాత్రం తిన్నది అరగక మూడో రోజు కక్కేసింది. పొట్ట కింద రూపాయి బిళ్లంత మచ్చ కూడా పడింది. రాయి కాల్చేసింది! టెంపరేచర్ గన్ తెచ్చి బల్బు కింద పలకకు గురిపెడితే 30 డిగ్రీలే ఉంది.

గోడ దగ్గరి గాలి వేడి వేరు, టెగూ పడుకునే పలక వేడి వేరు. పలక పైభాగం 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. పెట్టె రెండో కొస 24–27 మధ్య చల్లగా ఉండాలి. కాసేపు కాగి, కాసేపు చల్లబడటం దాని పని. ఆ రెండూ అందుబాటులో పెట్టడం మన పని.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పెద్ద టెగూ 4 అడుగుల జంతువు. సన్నగా ఒకే చోట పడే బల్బు పెడితే నడుం కాలుతుంది, తల, తోక మొదలు చల్లగానే ఉంటాయి. అందుకే వెలుగును వెడల్పుగా పరిచే హాలోజెన్ ఫ్లడ్ బల్బులు రెండు పక్కపక్కన పెట్టి, వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్‌కు కలపండి. బల్బులకు జాలీ తప్పనిసరి, టెగూ పైకి ఎక్కుతుంది. వేడిరాయి జోలికి పోకండి. వేడి ఎండలా పైనుంచే రావాలి. రాత్రి లైట్లన్నీ ఆపేయండి. ఎర్ర బల్బు అక్కర్లేదు.

(దీన్ని పూర్తిగా చల్లని రక్తం జంతువు అనుకోకండి. జత కట్టే కాలంలో బొరియలోని వేడికన్నా 10 డిగ్రీల దాకా ఎక్కువగా ఒంట్లో వేడి నిలుపుకుంటుందని 2016లో శాస్త్రవేత్తలు చూపించారు. అది చదివి బల్బు తీసేయకండి మరి.)

"కిటికీ పక్కన పెడితే ఎండ తగలదా?" అని మా అమ్మ అడిగింది. వేడి తగులుతుంది, కానీ ఎండలోని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కిరణాలు)ని అద్దం ఆపేస్తుంది. ఆ కిరణాలు లేకపోతే డి3 విటమిన్ తయారు కాదు, తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. దవడ మెత్తబడుతుంది, వేళ్లు వణుకుతాయి. పొడవాటి టీ5 (సన్న రకం ట్యూబులైటు) యూవీబీ ట్యూబు పెట్టి, వెలుగుతూనే ఉన్నా ఏడాదికోసారి మార్చండి.

తేమ 70–80 శాతం. ఇంత వేడికి మట్టి ఎండిపోతుంది. పైపైన చిలకరిస్తే గంటలో ఆరిపోతుంది కాబట్టి మూలల్లో చెంబుతో నీళ్లు పోయండి, కిందికి దిగుతాయి. తేమ చాలకపోతే కుబుసం వేళ్లకు ఉంగరంలా బిగుసుకుపోయి, రక్తం ఆడక వేలే ఊడిపోవచ్చు.

చలికాలం ముందు తిండి మానేసి మట్టిలో దూరితే టెన్షన్ పడకండి. అది పుట్టిన గడ్డ మీద, అడవిలోనూ నెలల తరబడి నిద్రపోతుంది. కానీ కళ్లు లోపలికి పోయినా, తోక మొదలు చిక్కినా, ముక్కులోంచి బుడగలు వచ్చినా అది నిద్ర కాదు, సరీసృపాలు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంటి పని: లైట్లు వేసిన గంట తర్వాత పలక మీద తల, నడుం, తోక మొదలు పడే చోట్ల గన్‌తో కొలిచి మూడు అంకెలూ రాసుకోండి. నడుం దగ్గర 50 దాటితే బల్బులు పైకి జరపండి. మూడింటి మధ్య తేడా 5 డిగ్రీల లోపు వచ్చేదాకా తిండి పాఠానికి రాకండి.