విశాఖలో ఎండకు, వానకు, తుపానుకు ఇంటిని సిద్ధం చేసుకోవడం ఎలా?

విశాఖలో వాతావరణం తెలియాలంటే ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూడాలి. వేసవిలో నైరుతి నుంచి సముద్రపు గాలి తోలుతున్నంతసేపూ ఉక్కపోతే తప్ప వడగాడ్పు ఉండదు. అది ఆగి పడమటి గాలి తిరిగిందంటే కాసేపట్లోనే ఒళ్లు మండిపోతుంది. తుపాను పూట ఏ కిటికీకి ముప్పు, ఏ గదిలో కూర్చోవాలి అన్నది చెప్పేదీ గాలి దిక్కే. అందుకే ఈ పనులన్నీ ఇంటి దిక్కులతో మొదలవుతాయి.

1. ముందు మీ ఇల్లు ఎక్కడుందో రాసుకోండి

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంది. కాబట్టి సముద్రం సరిగ్గా తూర్పున కాక ఆగ్నేయాన ఉంటుంది. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, నడుమ ఊరు. కొండల మీద పడిన వాన చూస్తుండగానే గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి దిగుతుంది. అదే సమయానికి సముద్రం పోటు మీద ఉంటే గెడ్డ నీరు వెనక్కి తంతుంది. పల్లపు వీధుల్లో నీరు త్వరగా తీయకపోవడానికి అదొక కారణం.

ఒక కాగితం మీద ఈ సంగతులు రాయండి: ఉత్తరానికి తెరుచుకునే కిటికీలు ఏవి, దక్షిణ, ఆగ్నేయాలకు తెరుచుకునేవి ఏవి, ఇంటి గడప రోడ్డుకి ఎన్ని అంగుళాల ఎత్తున ఉంది, దగ్గర్లో గెడ్డ ఎటుంది, గతంలో నీరు ఎంతదాకా వచ్చింది, ఇంటి వెనక తవ్విన కొండవాలు ఉందా. నీరు ఎంతదాకా వచ్చిందన్నదానికి జవాబు వీధిలో పాతికేళ్లుగా ఉంటున్నవాళ్లను అడగండి. ఇల్లు అమ్మేవాళ్ల మాట చాలదు.

2. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా: తుప్పు పని

పొడిగా ఉండే ఈ నెలలే మరమ్మతులకు అనువైనవి. ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఇనుప గ్రిల్లు మీద పెయింటు ఏడాదికే పొక్కిపోతుంటే, సాధారణంగా తప్పు పెయింటుది కాదు, అడుగున మిగిలిపోయిన ఉప్పుది. ముందు మంచినీళ్లతో కడిగి ఆరనివ్వాలి. తుప్పును లోహం మెరిసేదాకా గీకి, అదే రోజు జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు వేయాలి. రాత్రి వదిలేస్తే మళ్లీ ఉప్పు చేరుతుంది. ఆ తర్వాత ఎనామెల్ రెండు పూతలు.

ఏసీ బయటి యూనిట్‌ను మెయిన్ ఆపి, రెండు నెలలకోసారి మంచినీటితో మెల్లగా కడగండి. ఎక్కువ ఒత్తిడితో కొడితే రేకులు వంగి గాలి ఆడదు. స్టాండు బోల్టులను చేత్తో కదిపి చూడండి. సముద్రానికి ఎదురుగా ఉంటే మార్చేటప్పుడు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కంటే 316 రకం ఎక్కువ కాలం నిలుస్తుంది. శ్లాబు అడుగును చిన్న సుత్తితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే లోపలి ఊచలు తుప్పుపట్టి ఉబ్బినట్టే. పైపైన సిమెంటు మెత్తితే ఏడాదిలో మళ్లీ ఊడుతుంది. వదులైనదంతా కొట్టేసి ఊచను శుభ్రం చేశాకే పూడ్చాలి.

డాబా మీద సున్నం కూడా ఇప్పుడే వేయాలి. డాబాను ఊడ్చి, కడిగి, ఆరనిచ్చాక, వడగట్టిన సున్నాన్ని ఫెవికాల్ కలిపి చిక్కటి మజ్జిగలా చేసి, రోజు వ్యవధితో రెండు పూతలు వేయండి. వానలకు కడుక్కుపోతుంది కాబట్టి ఏటా వేయక తప్పదు.

3. మార్చి నుంచి జూన్ దాకా: ఉక్కకొక పద్ధతి, వడగాడ్పుకొక పద్ధతి

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కూలరు నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. సముద్రపు గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి మూసిన గదిలో కూలరు పెడితే ఉక్క ఇంకా పెరుగుతుంది. అలాంటి రోజున దక్షిణం కిటికీ, దానికి ఎదురు కిటికీ తెరిచి ఫ్యాను వేయడమే మేలు. పడమటి గాలి తిరిగిన రోజున మాత్రం ఉదయమే పడమర కిటికీలు, తెరలు మూసేయండి. ఆ పొడిగాలికి కూలరు బాగా పనిచేస్తుంది. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఉత్త ఫ్యాను వేడిగాలినే ఒంటికి కొడుతుంది. తడిబట్టతో ఒళ్లు తుడుచుకుంటూ వాడాలి.

ఉష్ణోగ్రత 35 చూపిస్తోంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. తేమలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఓఆర్‌ఎస్ పొట్లం లేకపోతే లీటరు మరిగించి చల్లార్చిన నీటిలో ఆరు తలకొట్టిన టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు హాని. ఒళ్లు కాలిపోతూ మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా వడదెబ్బే. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా నీడలో పడుకోబెట్టి నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో పడమటి కొండల మీద మబ్బు కమ్మితే పిడుగులకు సిద్ధపడాలి. మెరుపుకి, ఉరుముకి మధ్య 30 లెక్కపెట్టేలోపు ఉరిమితే పిడుగు 10 కి.మీ. లోపే ఉన్నట్టు. తాటిచెట్టు కిందా, డాబా మీదా, సముద్రంలోనూ ఉండకూడదు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రండి.

4. జూన్ నుంచి: వాన నీరు పోయే దారి

మిల్లీమీటరు వాన చదరపు మీటరుకు లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల డాబా మీద 100 మి.మీ. కురిస్తే 10,000 లీటర్లు, అంటే పది టన్నుల బరువు. నీరు పోయే గొట్టం నోట్లో ఒక్క పాలిథిన్ కవరు అడ్డుపడితే ఆ బరువంతా శ్లాబు మీదే. నాలుగంగుళాల గొట్టాలు కనీసం రెండు ఉండాలి, నోటికి గుండ్రటి జాలీ ఉండాలి. పిట్టగోడకు గొట్టాల కన్నా కాస్త ఎత్తులో ఒక కన్నం అదనంగా పెట్టిస్తే గొట్టాలు పూడినా నీరు బయటికి పోతుంది.

సంపు మూత నేలమట్టంగా ఉంటే చుట్టూ అడుగెత్తు గట్టు కట్టించండి. మురుగు చేరితే సంపు ఖాళీ చేసి, గోడలు తోమి, కొత్త నీరు నింపాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చొప్పున బకెట్‌లో కలిపి, తేట మాత్రమే పోయండి. గంట తర్వాత సన్నగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే మరో విడత వేయండి. తాగే నీరు అప్పటికీ మరిగించండి.

కొండవాలు మీద ఇళ్లున్నవాళ్లు వెనక రక్షణ గోడలోని నీటి కన్నాలను జూన్‌కి ముందే ఊచతో పొడిచి తెరవాలి. కన్నం మూసుకుంటే గోడ వెనక నీరు చేరి, ఆ ఒత్తిడికే గోడ పడుతుంది. గోడ ఉబ్బినా, నేలలో కొత్త పగులు కనిపించినా, చెట్లు వాలినా, ఎప్పుడూ రాని చోట బురదనీరు ఊరినా వెలుతురు ఉండగానే ఇల్లు ఖాళీ చేయండి. రాత్రిదాకా ఆగొద్దు.

సెల్లారులో మునిగిన కారును స్టార్ట్ చేయకండి. సిలిండర్లలో చేరిన నీరు నొక్కుడు పడక ఇంజను లోపలి కడ్డీలు వంగిపోతాయి. బ్యాటరీ తీగ విప్పి, లాగించి తీసుకెళ్లడమే సరి.

5. అక్టోబరు, నవంబరు: తుపాను

వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. గంటకు 62 కి.మీ. దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు గాలి 170 కి.మీ. పైన వీచింది.

తీరం ఎక్కడ దాటుతుందో వినగానే గాలి లెక్క వేసుకోండి. మన తుపానుల్లో గాలి అపసవ్యంగా తిరుగుతుంది. కాకినాడ వైపు దాటితే విశాఖకు సముద్రం మీది నుంచి తూర్పు గాలి, పెద్ద అలలు. కళింగపట్నం వైపు దాటితే నేల మీది నుంచి గాలి, అయినా వాన తప్పిందనుకోవద్దు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర దాటినా విశాఖలో కుండపోత కురిసింది. నేరుగా మన మీదికే వస్తే మొదట ఉత్తరం వైపు నుంచి గాలి. తుపాను కన్ను మీదికి వచ్చాక అంతా నిశ్శబ్దం. ఆ తర్వాత దక్షిణం వైపు నుంచి మళ్లీ అంతే గాలి. ఆ నిశ్శబ్దంలో బయటికి రావడమే ప్రాణాల మీదికి తెస్తుంది. అప్పటిదాకా చాటున ఉన్న కిటికీలకే ఇక ముప్పు కాబట్టి మీరు కూర్చున్న గది కూడా మార్చుకోవాలి.

రెండు రోజుల ముందు: తాగడానికి మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన ఐదు రోజులకు నిల్వ. నలుగురికి 20 లీటర్ల టిన్నులు నాలుగు. మందులు, చిల్లరతో సహా నగదు, బండిలో పెట్రోలు సరిచూసుకోండి. హుద్‌హుద్ తర్వాత చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. కొబ్బరి చెట్ల ఎండు మట్టలు, గెలలు దింపించండి. రేకుల కప్పుకు అంచు బోల్టులన్నీ బిగించండి. కప్పు అంచు దగ్గరే ముందు లేస్తుంది.

ముందు రోజు: డాబా మీద కుండీలు, కుర్చీలు, డిష్ అన్నీ దించండి. నీళ్ల ట్యాంకు నిండా నింపి తాడుతో కట్టండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, ఖాళీదైతే ఎగిరిపోతుంది. గాజు మీద టేపు అతికిస్తే గాజుకు బలం రాదు. అందే కిటికీలకు 12 మి.మీ. ప్లైవుడ్‌ను సెప్టెంబరులోనే కోయించి, కన్నాలు పెట్టించి, ఏది ఏ కిటికీకో రాసి ఉంచాలి. పై అంతస్తుల్లో వీలుకాకపోతే తెరలు దగ్గరికి లాగి, కిటికీలు లేని నడవలో ఉండండి. స్లైడింగ్ కిటికీల అడుగు పట్టాలో నీరు పోయే చీలికలను సన్న తీగతో శుభ్రం చేయకపోతే గాలి కొట్టిన వాన గదిలోకే పొంగుతుంది.

ఆరు గంటల ముందు: గ్యాస్ రెగ్యులేటరు ఆపి, లిఫ్టును నడిమి అంతస్తులో నిలిపి మెయిన్ తీసేయండి. కింద గుంటలో నీరు చేరుతుంది, పైన మెషిన్ గది కారుతుంది. గాలి ఎదురు దిక్కున కిటికీ తెరిచి ఉంచాలన్న మాట నమ్మొద్దు. అన్నీ మూసే ఉంచాలి. ఒక్కటి తెరిస్తే లోపల చేరిన గాలి కప్పును పైకి నెడుతుంది.

6. తగ్గిన తర్వాత

తెగిన తీగ కనిపిస్తే తాకకుండా 1912కి చెప్పండి. ప్రమాదమైతే 112. తడిసిన స్విచ్ బోర్డులు ఆరి, ఎలక్ట్రీషియన్ చూశాకే మెయిన్ వేయాలి. ఏదీ సర్దకముందే నష్టాన్ని ఫోటోలు తీసి బీమా కంపెనీకి తెలపండి. ఆ తర్వాత మంచినీరు రాగానే గ్రిల్లు, ఏసీ బయటి యూనిట్, బండి, మొక్కల ఆకులు కడగండి. సముద్రపు తుంపర ఇంటిమీద మిగిల్చిన ఉప్పు వారం ఉంటే ఏడాది తుప్పు ఒక్కసారే పడుతుంది.

ప్లైవుడ్ ముక్కలను ఆరబెట్టి చేతికందే చోటనే పెట్టండి, అటక మీదికి ఎక్కించకండి. 2023లో మిచాంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. కాబట్టి ఆ నెల మూడో వారం దాటాకే వాటిని లోపల సర్దాలి.