పులికంప తొలగింపు – 3వ పాఠం: తల్లివేరు ఎక్కడ తెగాలి

పోయిన పాఠంలో ఆకు నలిపి వాసన చూడమన్నాను. చూశారా? ఘాటు వాసన, నాలుగు పలకల కాండం, చేతిని గీరే ముళ్లు, ఒకే గుత్తిలో పసుపూ గులాబీ పూలు ఉంటే అది లాంటానాయే, బయటి దేశం నుంచి వచ్చి మన అడవులను ఆక్రమిస్తున్న పొద. మీ ఊళ్లో పులికంప అన్నా, తలంబ్రాల చెట్టు అన్నా మొక్క ఒకటే. గుర్తుపట్టడంలో అనుమానముంటే ఇక్కడే ఆగి, మళ్లీ 2వ పాఠం చదవండి. అడవికి చెందిన మొక్కను పొరపాటున పీకితే తిరిగి నిలబెట్టలేం.

మొదటి ఏడాది నేను కొడవలితో పొదలను మొదలంటా నరికాను. గుట్ట వాలు శుభ్రపడిందని ఎంతో సంతోషించాను. తొలకరి పడ్డాక వెళ్తే ప్రతి మోడు చుట్టూ గుత్తులుగా పిలకలు! కాండం ముగిసి వేరు మొదలయ్యే చోటు ఒకటుంది. నేను దాన్ని గంటు అంటాను. పిలకలు పుట్టేది అక్కడే. పైన నరికినా, నిప్పు పెట్టినా గంటు నేలలో భద్రంగా ఉండి మళ్లీ చిగురిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సి.ఆర్. బాబు, ఆయన సహచరులు అందుకే గంటు కింద తల్లివేరును తెంచే పద్ధతిని రూపొందించారు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అడవిలో దాన్ని అమలు చేశారు. మందు చల్లే పని లేదు, గునపం చాలు.

ఇద్దరు కలిసి చేయండి. ముందు కర్రతో పొదను తట్టి కాసేపు ఆగండి, అడుగున పాములుంటాయి. లోపల పిట్టగూడు ఉంటే ఆ పొద జోలికి పోవద్దు, పిల్లలు ఎగిరిపోయాక వద్దాం. ఒకరు పంగలకర్రతో కొమ్మలను పక్కకు నెట్టి పట్టుకోవాలి. రెండోవారు మొదలు దగ్గర కాస్త మట్టి తీసి, నేలమట్టానికి రెండు మూడు అంగుళాల లోపల, గంటు కిందుగా, గునపాన్ని ఏటవాలుగా దించి వేరును తెంచాలి. పెద్ద గుంత తీయకండి. మట్టిని ఎంత కదిలిస్తే అందులో నిద్రపోతున్న లాంటానా విత్తనాలకు అంత మేలు చేసినట్టు.

తెగిన పొదను వేర్లు ఆకాశం వైపు ఉండేలా తలకిందులు చేసి అక్కడే ఎండనివ్వండి. కొమ్మ తడి నేలకు తగిలితే కణుపు దగ్గర వేళ్లూనుతుంది. కాయలు నల్లబడకముందే ఈ పని ముగియాలి. ఆకును పశువులకు అందనివ్వకండి. తింటే కాలేయం దెబ్బతింటుంది, ఎండకు చర్మం పుండ్లు పడుతుంది.

అభయారణ్యంలో గానీ, రిజర్వు అడవిలో గానీ అటవీ అధికారుల అనుమతి లేకుండా గునపం దించకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలో మొక్కలు తీయాలంటే అనుమతి తప్పనిసరి. అభ్యాసానికి ఊరి గట్టు మీది పొద, అదీ స్థలం వాళ్లను అడిగాకే, సరిపోతుంది.

ఈ వారం ఒక్క పొదే తీయండి. తేదీ రాసుకుని, ఇరవై రోజులకు మళ్లీ చూడండి. చిగురు కనిపిస్తే కోత గంటు పైన పడిందన్నమాట, ఇంకో అంగుళం కిందికి తవ్వి మళ్లీ తెంచండి. ఈలోగా ఆ చుట్టుపక్కల పికిలిపిట్టలు, గోరింకలు ఏ చెట్ల మీద వాలుతున్నాయో గమనించండి. పళ్లు తిని అవి రాల్చిన విత్తనాలు ఆ చెట్ల కిందే మొలుస్తాయి. 4వ పాఠం అక్కడ మొదలుపెడదాం.