తుపాను కాలానికి ముందు తీరవాసులు తీసుకోవలసిన జాగ్రత్తలు

తుపాను హెచ్చరిక వినగానే అందరూ ముందు గాలివేగం ఎంతని అడుగుతారు కానీ, తీరాన ఉండేవారు మొదట తెలుసుకోవలసింది ఆ రోజు పోటు ఎన్ని గంటలకన్నది. వాతావరణ పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గితే సముద్రమట్టం సుమారు 1 సెంటీమీటరు లేస్తుంది. గాలి ఒడ్డుకు తోసుకొచ్చే నీరు దానికి అదనం. ఇలా లేచిన ఉప్పెన అమావాస్య, పౌర్ణమి రోజుల పెద్ద పోటుతో కలిసిందంటే, అంతకుముందెన్నడూ నీరెరగని ఇళ్లలోకి కూడా సముద్రం వస్తుంది. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రంలో సరిగ్గా ఈ రెండూ కలవడంతో నెదర్లాండ్స్‌లో కట్టలు తెగి 1,800 మందికి పైగా మరణించారు. అందుచేత ఆటుపోట్ల పట్టికను ముందే తెచ్చుకుని, పెద్ద పోటు రోజులను గుర్తుపెట్టి, గోడకు అంటించుకోవాలి.

ఒడ్డు ఎంత కోతకు గురైందో కంటితో చూసి చెప్పలేము. సముద్రం ప్రశాంతంగా ఉన్న నెలల్లో అలలు ఇసుకను తిరిగి చేర్చడం వల్ల తీరం నిండుగా కనిపించి మనల్ని ఏమారుస్తుంది. కదలని గుర్తు ఒకటి ఎంచుకుని, అక్కడి నుంచి ఒడ్డు తెగిన అంచు వరకు నెలకోసారి టేపుతో కొలిచి రాసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. ఇసుక దిబ్బల నుంచి ఒక్క బండెడు ఇసుక కూడా తీయకూడదు, వాటిపై పాకిన తీగలను పీకకూడదు. దిబ్బను చీల్చుకుంటూ సముద్రానికి ఎదురుగా వేసిన కాలిబాట మనకు దగ్గరి దారే అయినా అలకు కూడా అదే దారి. దానిని ఏటవాలుగా మళ్లించి, పాత గండిని సీజను మొదలవక ముందే పూడ్చాలి.

రాతిగోడ కడితే చాలుననుకోవడం నా దృష్టిలో తొందరపాటు. నిలువు గోడను కొట్టి వెనక్కి మళ్లిన అల గోడ పాదం దగ్గరి ఇసుకను తవ్వుకుపోతుంది. సముద్రంలోకి అడ్డంగా కట్టిన రాతికట్ట ఒకవైపు ఇసుకను ఆపి, రెండోవైపు తీరానికి ఇసుక అందకుండా చేసి కోతకు గురిచేస్తుంది. కనుక ఇలాంటి పని పక్క ఊరివారితో కలిసి తేల్చుకోవలసిందే.

చాలామంది పట్టించుకోనిది మురుగుకాలువ తూము. పోటు నీరు వెనక్కి రాకుండా దానికి బిగించిన తలుపు సందులో ఒక్క ప్లాస్టిక్ సీసా ఇరుక్కుంటే, ఆ బెత్తెడు సందులోంచే సముద్రం వీధుల్లోకి వస్తుంది. ఆటు సమయంలో అక్కడికి వెళ్లి చెత్త తీసి, తలుపును చేత్తో ఎత్తి వదిలి, అది పూర్తిగా మూసుకుంటుందో లేదో చూడాలి.

ఇల్లు విడిచే వేళ విషయంలోనే ఎక్కువమంది పొరపడతారు. తీరపు మెరక మీద ఇల్లు ఇంకా పొడిగా ఉండగానే వెనకనున్న పల్లపు దారి మునిగిపోవచ్చు; కాబట్టి గడప దాకా నీరు వచ్చాక బయలుదేరుదామనుకోవడం ప్రమాదం. ఖాళీ చేయమన్న మాట వినగానే, పోటు మొదలవకముందే, వెలుతురు ఉండగానే, ముందుగా వృద్ధులను, పసిపిల్లలను తీసుకుని వెళ్లాలి. మెయిన్ స్విచ్ ఆపి, కాగితాలను, మందులను నీరు చొరని సంచిలో వెంట తీసుకెళ్లాలి. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడగొట్టగలదు, 30 సెంటీమీటర్లుంటే చిన్న కారును తేల్చగలదు. గాలి ఒక్కసారిగా ఆగితే తుపాను పోయిందనుకుని తిరిగి రాకూడదు; అది తుపాను కన్ను, అంటే తుపాను నడిమధ్య ప్రశాంతంగా ఉండే భాగం కావచ్చు, దాని వెనక ఎదురు దిక్కు నుంచి గాలి అంతే ఉధృతంగా వీస్తుంది.

నీరు తీశాక, ఉప్పునీట మునిగిన బ్యాటరీ వాహనాన్ని ఛార్జింగు పెట్టకూడదు, ఇంటికి దూరంగా ఉంచాలి. రోజుల తరువాత కూడా అది మండవచ్చు. బావినీటిని పరీక్ష చేయించేవరకు తాగకూడదు. చెట్ల వేళ్లు గాలిలో వేలాడుతున్న తెగిన ఒడ్డు పైనుంచి చూడటానికి గట్టిగానే కనిపిస్తుంది కానీ అడుగున డొల్లగా ఉంటుంది కనుక, అది జారి కుదురుకునేదాకా పిల్లలను దాని అంచుకు గానీ నీడకు గానీ పంపకూడదు.